ఉన్నోళ్ళకు పెట్టిన శోకం

మొదటి భాగంలో దయ్యం ఎక్కడా కనపడదు. రెండో భాగంలో దయ్యం తప్ప ఇంకేమీ కనపడదు. ఇంతటితో ఊరుకోవచ్చు. చూసేవాళ్ళు చూస్తారు, మానేవాళ్ళు మానుకుంటారు. కానీ మా ఇంటి ఏడుపును మమ్మల్ని అడక్కుండా ఎత్తుకుపోయి అందులో పెట్టుకున్నారు కాబట్టి నేను ఊరుకోదలచుకోలేదు.

సినిమా పేరు ‘పురిటిగది’. తీసినవాడు విష్ణుతేజ. హైదరాబాదులో ఇప్పుడు వాడిని సార్ అంటారట. మాకు మాత్రం వాడు గుమాస్తా కోదండపాణిగారి కొడుకు. జమ్మలమడుగులో మా వీధి చివర బాడుగింట్లో ఉండేవాళ్ళు. మా గోడెక్కి జామకాయలు తెంపుతుంటే వాడిని చెవి పట్టుకుని దింపింది నేనే.

మొదటి భాగం తీసేనాటికి వాడి దగ్గర ఒక కెమెరా, నలుగురు స్నేహితులు తప్ప ఏమీ లేదు. అందుకే బాగా తీశాడని నా అభిప్రాయం. జమ్మలమడుగులోనే మనుషులు వదిలేసిన ఒక పాత మిద్దె, అందులో వెనకవైపు చీకటి గది. ఎప్పుడో ఆ గదిలో కాన్పు కష్టమై ఒక పిల్ల పోయింది. పుట్టింటివాళ్ళు రాలేదు, అత్తింటివాళ్ళు ఏడవలేదు. గుట్టుచప్పుడు కాకుండా తీసుకుపోయి పూడ్చేశారు. తర్వాత ఆ ఇంట్లో బాడుగకు దిగిన మొగుడూ పెళ్ళాలకు, గాలి లేకుండానే ఊయల తాడు కిర్రుమంటుంది. పురిటి గడపలో దయ్యాలు రాకుండా పెట్టే ఇనుపముక్క తెల్లారేసరికి గది మధ్యలో ఉంటుంది. నాపరాళ్ళ మీద తడికాళ్ళ గుర్తులు గదిలోంచి బయటికి వస్తాయి గానీ తిరిగి లోపలికి పోవు. అంతే. నేను పులివెందులలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని. అయినా ఆ తడికాళ్ళు చూసి నా కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసి పెట్టుకున్నాను.

చివర్లో మంత్రగాడు లేడు, నిప్పులు లేవు. వీధిలో ఉండే ఒక ముసలామె వచ్చి ఆ గది ముందర కూలబడి, పోయిన పిల్లకు శోకం పెడుతుంది. శోకం పెట్టడమంటే ఊరికే ఏడవడం కాదు. రాగం తీసి, పోయినవాళ్ళను వరస పెట్టి పిలిచి, వాళ్ళు తిన్నదీ కట్టిందీ పడిందీ అంతా చెప్పి ఏడవడం. తనకోసం ఒకరు ఏడ్చారు కాబట్టి దయ్యం వెళ్ళిపోతుంది. ఊయల ఆగిపోతుంది. నా పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కండువాతో ముఖం తుడుచుకోవడం నేను చూశాను.

తెరమీద కూర్చున్న ముసలామె హైదరాబాదు నటి. గొంతు మాత్రం మా అమ్మ సుశీలమ్మది.

మా అమ్మ జమ్మలమడుగు చుట్టుపక్కల శోకానికి పేరున్న మనిషి. మాది క్రైస్తవ కుటుంబం. మా చర్చిలో దీన్ని మెచ్చరు. ఒకసారి పాస్టరుగారు, “పోయినవాళ్ళు ప్రభువు దగ్గరికే పోతారు గదా సుశీలమ్మా, ఇంత ఏడుపెందుకు?” అన్నారు. “వాళ్ళు ఆడికి పోతారు లెండి, ఉన్నోళ్ళం మేము యాడికి పోవల్ల?” అంది మా అమ్మ. కులం లేదు, మతం లేదు, ఎవరు పిలిచినా పోయేది. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆమెను వాకిలి దాటనిచ్చేవాళ్ళు కాదు. ఆమె వీధిలో కూర్చునే ఏడ్చేది. ఏడుపు మాత్రం లోపలికి పోయేది, దాన్ని ఆపడం వాళ్ళ చేతకాలేదు. విష్ణుతేజ వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడూ అట్లాగే వీధిలో కూర్చుని ఏడ్చింది. వాడు అప్పుడు చిన్న పిల్లవాడు, కిటికీలోంచి విన్నాడు. వాడి మొదటి సినిమాకు అసలు పెట్టుబడి అదే.

ఆ సినిమాకు అడగడానికి వచ్చినప్పుడు మా అమ్మ వేసిన మొదటి ప్రశ్న, “ఎవురు పోయినారు నాయనా?” అని. వాడు కథంతా చెప్పాడు. “అంటే ఆ పిల్లకు ఎవురూ ఏడ్చనే లేదా?” అంది. లేదన్నాడు. “కథలో అయితే ఏంది, అట్లా పోయినోళ్ళు మన ఊర్లో శానామంది ఉండారు,” అని లేచి, ముఖం కడుక్కుని, కొంగు బిగించి కూర్చుంది. దుడ్లు ఇయ్యబోతే తీసుకోలేదు. శోకానికి ఏమీ తీసుకోకూడదు, చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టదు.

మా పక్కింటి తిరుపాలమ్మత్తకు మొదటి భాగమంటే ప్రాణం. ఆమె మొగుడు పోయినప్పుడు మా అమ్మ పెట్టిన శోకాన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. ఇద్దరూ పొద్దు వంగినాక అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ, ఎవరు ముందు పోతే వాళ్ళకు రెండోవాళ్ళు ఏడవాలని ఎప్పుడో మాట అనుకున్నారు. “నీకేమక్కా, నేనుండా. నాకే, నీ గొంతుతో ఏడిస్తే పాడె మీద నుంచి లేచి పరిగెత్తల్ల,” అని మా అమ్మ ఎగతాళి చేసేది. తిరుపాలమ్మత్త పళ్ళు లేని నోటితో నవ్వేది.

మొదటి భాగం ఆడింది. ఆడిన సినిమాకు రెండో భాగం తీయకుండా వదిలేసే మనుషులు ఇప్పుడు లేరు. విష్ణుతేజ పెద్ద కారులో, ఇంట్లో కూడా తీయని నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. మాటలో మా యాస పోయి ‘అండీ’ దిగింది. మా గోడ మీద జామకాయలు నమిలిన నోట్లోంచి ఆ అండీ వస్తుంటే నాకు ఒళ్ళు మండింది.

“ఆ పిల్ల పోయింది గదప్పా. నేనే సాగనంపితి గదా. మళ్ళా యాడ్నుంచి వచ్చింది?” అంది మా అమ్మ.

“పార్ట్ టూ కదవ్వా. రావాలి.”

“నేను ఏడ్చింది సాల్లేదనా?”

“అలా కాదండీ. ఈసారి దయ్యమే ఏడుస్తుంది. హీరోయిన్‌ను చూసి తన బిడ్డే పెరిగి వచ్చిందనుకుంటుంది. తనతో తీసుకుపోవాలని శోకం పెడుతుంది. అది నువ్వే పెట్టాలి అవ్వా.”

“ఆ హీరోయిన్ సస్తాదా?”

వాడు నవ్వాడు. “హీరోయిన్ ఎలా చస్తుంది? చివరికి క్షేమంగా బయటపడుతుంది.”

“అయితే నావల్ల గాదు. ఉన్నోళ్ళకు శోకం పెట్టరప్పా. నీకు తెలీదా?”

తెలుసు వాడికి. ఈ వీధిలో పెరిగాడు. బతికున్న మనిషి పేరెత్తి శోకం పెట్టడం కంటే పెద్ద తిట్టు మా వైపు లేదు. బద్ధశత్రువు మీద కూడా నోరు జారినవాళ్ళే తప్ప కావాలని అన్నవాళ్ళు లేరు. వాడు రెండుసార్లు బతిమాలి ఊరుకున్నాడు. అప్పుడే నా కూతురు సుస్మిత మజ్జిగ తెచ్చిచ్చింది. అది ప్రొద్దుటూరులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఉండేది అవ్వ దగ్గరే, రోజూ బస్సులో పోయివస్తుంది. వాడు పేరడిగాడు. చెప్పింది. “మంచి పేరు,” అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. నేను కూడా పీడ వదిలిందనుకున్నాను.

సినిమా వచ్చింది. ప్రొద్దుటూరులో మధ్యాహ్నం ఆటకు మా అందరికీ వాడే టికెట్లు పంపించాడు. “రజినక్కా, అవ్వను తప్పకుండా తీసుకురా, సర్‌ప్రైజ్ ఉంది,” అని ఫోను. తిరుపాలమ్మత్తకు అప్పటికే ఒంట్లో బాగలేదు, అయినా నేనూ వస్తానని పట్టుబట్టి బస్సెక్కింది.

ఏం చెప్పాలి ఆ సినిమా గురించి? పేర్లు పడకముందే దయ్యం వచ్చేసింది. ఎర్రకళ్ళు, చీపురు కట్టలాగా లేచిన జుట్టు. మొదటి భాగంలో మనల్ని కుర్చీ మీదికి ఎక్కించిన ఆ తడికాళ్ళు ఇప్పుడు నిప్పుకణికల్లాగా వెలుగుతూ గోడెక్కి, పైకప్పు మీద నడుస్తాయి. పాత మిద్దె లేదు. అట్టలతో వేసిన బంగళా ఒకటి, అందులో పురిటిగది మా బడిలో తరగతి గదికంటే పెద్దది. శోకంతో తృప్తిపడి పోయిన దయ్యం ఎందుకు తిరిగి వచ్చిందో ఒక్క మాట చెప్పరు. ఎందుకు చెప్తారు, నిర్మాత పిలిచాడు, వచ్చింది.

మధ్యలో దయ్యం హీరోయిన్‌ను పులివెందుల అరటితోటలో తరుముతుంది. నేను ఆ తోటల పక్కనుంచే రోజూ బడికి పోతాను. కాలు తీసి కాలు వేస్తే డ్రిప్పు పైపులు తగులుతాయి, అడుగంతా బురద, మన ముఖానికి అరటాకులు కొడుతుంటాయి. ఆ అమ్మాయి మాత్రం తెల్లగౌనులో మరక పడకుండా పరిగెత్తింది. ఇక మంత్రగాడి పాత్ర. వాడు మా సీమవాడని తెలియడానికి ప్రతి మాటకూ ముందొక అప్పా, వెనకొక అప్పా. ఈ నీళ్ళు తాగి పెరిగినవాడు రాయించిన మాటలవి. భయపెట్టాల్సిన చోట జనం నవ్వారు, నవ్వించాల్సిన చోట ఫోన్లు చూసుకున్నారు. మొదటి భాగంలో ఇనుపముక్క ఒక జానెడు జరిగితే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇక్కడ బంగళా మొత్తం గాల్లోకి లేచినా నా ముందున్నాయన పాప్‌కార్న్ నమలడం ఆపలేదు.

అప్పుడు వచ్చింది ఆ సర్‌ప్రైజ్. హీరోయిన్ కిందపడి ఉంటుంది. దయ్యం ఆమె మీదికి వంగి నోరు తెరిచింది. వచ్చింది మా అమ్మ గొంతు.

“ఓ సుస్మితా, నా బంగారు తల్లీ, నన్నిడ్సి యాడ పోతివే సుస్మితా...”

అదే రాగం, అదే దమ్ము తీసుకోవడం, చివర్లో గొంతు జీరపోవడం కూడా అదే. మా అమ్మ ఎప్పుడూ అనని మాటలు మా అమ్మ గొంతులో, నా కూతురి పేరు పెట్టి. నా కూతురు నా పక్కన కూర్చుని ఉంది. సైన్సు చెప్పేదాన్ని, అశుభాలూ గిశుభాలూ నమ్మనిదాన్ని, నా బిడ్డ చెయ్యి వెతుక్కున్నాను. ఆ చెయ్యి అప్పటికే మా అమ్మ చేతిలో ఉంది.

వెనక వరసలో ఒకామె, “బతికుండే పిల్లకు శోకం పెడతాండారేందమ్మా, నోరెట్లా వచ్చింది?” అంది. ఇంకొకామె, “ఇది జమ్మలమడుగు సుశీలమ్మ గొంతు గాదా?” అంది. మా వీధివాళ్ళూ ఉన్నారు హాల్లో. తలలు తిరిగాయి. మా అమ్మ లేచి సుస్మితను పట్టుకుని బయటికి నడిచింది.

మేమూ వెనకే లేచి వచ్చి తిరుగు బస్సెక్కాం. జమ్మలమడుగు దగ్గర పడుతుండగా తిరుపాలమ్మత్త నెమ్మదిగా అడిగింది.

“సుశీలా, నువ్వు ఏడ్చినావా దానికి?”

“లేదక్కా.”

“గొంతు నీదే గదా.”

మా అమ్మ కిటికీ వైపు తిరిగింది. ఇన్నేళ్ళ స్నేహితురాలు కూడా అడగాల్సి వచ్చింది. ఇంటికి రాగానే విష్ణుతేజకు ఫోను కొట్టాను.

“ఎలా ఉందక్కా? అవ్వ ఏమంది?” అన్నాడు సంబరంగా.

“ఆ గొంతు నీకెవరిచ్చినారు?”

“మొదటి సినిమాలోది మన దగ్గర ఉంది కదక్కా. దాన్ని కంప్యూటరుకు నేర్పిస్తే మనకు ఏ మాట కావాలంటే ఆ మాట అదే ఏడుస్తుంది. అవ్వకు శ్రమ కూడా లేదు.”

“మా పాప పేరు?”

“అది గౌరవంతో పెట్టానక్కా. అవ్వ సంతోషిస్తుందని. చివర్లో కృతజ్ఞతలు కూడా వేశాం, చూడలేదా?”

“మీ నాయనమ్మకు ఏడ్చిన గొంతురా అది. మీరు వాకిట్లోకి కూడా రానీయలేదు.”

“మీరు నెగెటివ్‌గా తీసుకుంటున్నారండీ,” అన్నాడు. ఇంటర్వ్యూ ఉందని పెట్టేశాడు. నాకు అండీ అన్నాడు, చెవి పట్టుకుని దింపిన నాకు.

సినిమా నిలబడలేదు. ఆ ఏడుపు ముక్క మాత్రం ఫోన్లలో తిరిగింది. పిల్లలు దానికి మూతులు కదిలించి వీడియోలు పెట్టారు. కొందరు రింగ్‌టోన్ పెట్టుకున్నారు. సుస్మిత ల్యాబుకు రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు దాని పేరు వినగానే నవ్వేవాళ్ళు. వీధిలో మాత్రం వేరే మాట నడిచింది. సుశీలమ్మ దుడ్లకు ఆశపడి మనవరాలికి శోకం పెట్టిందట. మా అమ్మ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. పక్క వీధిలో ఒక చావు జరిగితే ఆమెను పిలవలేదు. పిలిచినా పోయేది కాదు.

ఇంతలో తిరుపాలమ్మత్త మంచం పట్టింది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా అమ్మా నేనూ ఆమె దగ్గర కూర్చున్నాం. ఆమె మా అమ్మ చెయ్యి పట్టుకుంది.

“నేను తప్పుగా అడిగితి ఆ పొద్దు. నువ్వు ఏడ్చుండవు. నాకు తెలుసు.”

“పోనీలేక్కా.”

“నా మాట మర్సిపోవద్దు. నాకు ఏడ్చల్ల నువ్వు.”

మా అమ్మ తల అడ్డంగా ఊపింది. “నా గొంతు ఇప్పుడు నాది గాదక్కా. ఎవురంటే వాళ్ళు వాడుకుంటాండారు. నా పిల్లకు పెట్టిన శోకం అదే రాగంతో నీకెట్లా పెట్టల్ల? నోరు తెరిస్తే సుస్మితే కండ్ల ముందరికి వస్తాది.”

“అయితే నేను ఏడుపు లేకుండానే పోవల్లనా?”

మా అమ్మ దుప్పటి ఆమె భుజాల మీదికి లాగింది. తిరుపాలమ్మత్త గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట నాకు పులివెందులకు పోయినా వదల్లేదు. బల్ల మీద పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకుని, ఒకటీ దిద్దలేక కూర్చున్నాను.

ఆమె పోయిందని కబురు వస్తే బడికి సెలవు పెట్టి వచ్చాను. నడింట్లో మంచం మీద పడుకోబెట్టారు. ఆడవాళ్ళు చుట్టూ ఉన్నారు, ఏడుస్తున్నారు, కానీ ఎవరికి వాళ్ళు ముక్కు చీదుకునే ఏడుపు. మా అమ్మ వచ్చింది. కొంగు నెత్తిన కప్పుకుని మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది. అంతే, చుట్టూ చేతులు లేచాయి. ఒక్కో చేతిలో ఒక్కో ఫోను. తిరుపాలమ్మత్త సొంత మనవడు కూడా గోడకు ఆనుకుని మా అమ్మ ముఖానికి గురిపెట్టాడు. సినిమా అవ్వ ఏడుస్తుంది గదా, పట్టుకోవాలి గదా. నాకు ఆ చేతులన్నీ విరిచేయాలనిపించింది.

మా అమ్మ ఒకసారి అందరినీ చూసింది. నోరు గట్టిగా మూసుకుని తల దించుకుంది.

సుస్మిత వంటింట్లోకి పోయి చేట తెచ్చింది. తిరుపాలమ్మత్త బియ్యం చెరిగే చేట. మొదట ఆ మనవడి ముందర పెట్టింది.

“దీంట్లో ఎయ్యి.”

“ఏందక్కా?”

“ఫోను. నేనే ఆ సినిమాలో సుస్మితను. మా అవ్వ నాకు ఏడ్చలేదు. ఏడ్చింటే నేను ఈడ నిలబడుంటానా? ఎయ్యి.”

గట్టిగా కూడా అనలేదు. ల్యాబులో చెయ్యి చాపమన్నట్టు చెప్పింది. వాడు వేశాడు. తర్వాత పక్కామె. ఒకరిని చూసి ఒకరు, సిగ్గుపడుతూ వేశారు. నేనూ వేశాను. చేట నిండింది. సుస్మిత దాన్ని తీసుకుపోయి బయట అరుగు మీద పెట్టి, తనూ దాని పక్కనే కూర్చుంది. గుమ్మంలో నిలబడిన నాకు ఇటు అదీ, అటు మా అమ్మా ఇద్దరూ కనపడుతున్నారు.

మా అమ్మ కూడా గుమ్మంలోంచి సుస్మితను చూసింది. చాలాసేపు చూసింది. దాని వీపు, జడ, ల్యాబు చెప్పులు. తర్వాత తిరుపాలమ్మత్త పాదాల మీద చెయ్యి వేసి రాగం ఎత్తుకుంది.

ఏమని ఏడ్చిందో నేను రాయను. అది తిరుపాలమ్మత్తది. వక్కాకు ఉందనీ, పళ్ళు లేని నవ్వు ఉందనీ, నాకింక ఎవురు ఏడుస్తారక్కా అన్న మాట ఉందనీ మాత్రం చెప్తాను. ఆడవాళ్ళ ముక్కు చీదుళ్ళు ఆగిపోయి నిజమైన ఏడుపు మొదలైంది. ఆ మనవడు గోడ పట్టుకుని కిందికి జారి, అవ్వా అంటూ మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అరుగు మీద చేటలో ఎవరిదో ఫోను మోగింది. మా అమ్మ గొంతే. “ఓ సుస్మితా, నా బంగారు తల్లీ, నన్నిడ్సి యాడ పోతివే...”

లోపల ఒక గొంతు, బయట ఒక గొంతు, రెండూ నాకు ఒకేసారి వినపడ్డాయి. బయటిది స్పష్టంగా ఉంది, ఎక్కడా దమ్ము తప్పలేదు. లోపలిది పగిలి, మాటలు మింగేస్తూ, దగ్గుతో ఆగి, మళ్ళీ లేస్తూ ఉంది. మొదటి భాగమేదో రెండో భాగమేదో అక్కడ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

సుస్మిత చేటలో చెయ్యి పెట్టి కలబెట్టి ఆ ఫోను పట్టుకుంది.

“యాడికీ పోలా. ఈడే ఉండా,” అని దానితో చెప్పి, నోరు నొక్కేసి, మళ్ళీ చేటలో వేసింది.